అనుమతి వేడని కలము

జడ్చర్ల మీదుగా కర్నూలునకు పోవు రైలుబండి కృష్ణను దాటి గద్వాల సీమను చేరును. ఆ సీమకు చెందిన ఇటిక్యాలపాడు సురవరము ప్రతాపరెడ్డిగారి స్వగ్రామము. 1896 మే 28న జన్మించిన ఆయన న్యాయశాస్త్రము చదివిరి. అయినను న్యాయస్థానమున వాదించుటకంటె ప్రజల పక్షమున పత్రికలో వాదించుటయే తన విధియని ఎంచిరి.

ఆనాటి నైజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. తెలంగాణమున తెలుగువారే అధిక సంఖ్యాకులైనను వారి గోడు వినువారు లేరు. సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలెను. అట్టి కాలమున, 1926 మే 10న, ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను ప్రారంభించిరి. సంపాదకుడు, ప్రూఫులు దిద్దువాడు, గుమాస్తా అన్నియు తామే అయి దానిని నిలిపిరి.

ఆయన రెడ్డి హాస్టలు నిర్వహణభారమును కూడ వహించిరి. ఆ హాస్టలు స్థాపకులు రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారు హైదరాబాదు నగర కొత్వాలు. పోలీసు అధిపతి పోషించు సంస్థలో పనిచేయుచు పాలనను విమర్శించుట కత్తిమీద సాము. అయినను జాగీరుదారుల, దేశముఖుల దౌర్జన్యములను, వెట్టిచాకిరిని ఆయన కలము విడిచిపెట్టలేదు.

సంపాదకీయములను ముందుగా ప్రభుత్వమునకు చూపి అనుమతి పొందిన పిమ్మటనే ప్రకటింపవలెనని ఒకప్పుడు నిబంధన వచ్చినది. చూపినచో కలము బానిస యగును. చూపక వ్రాసినచో పత్రిక మూతబడును. ప్రతాపరెడ్డిగారు మూడవ మార్గమును కనుగొనిరి. సంపాదకీయమునకు మారుగా ప్రపంచ మేధావుల సూక్తులను ఏర్చికూర్చి ముద్రించిరి. అందు సంపాదకుని మాట ఒక్కటియు లేదు. చెప్పదలచినది మాత్రము పాఠకులకు చక్కగా తెలిసినది.

1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు ఆయనయే అధ్యక్షులు. తెలంగాణమున కవులు లేరన్న నిందకు కోపోక్తులతో గాక, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి బదులిచ్చిరి. 1952 ఎన్నికలలో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25న కీర్తిశేషులైరి. ఆయన రచించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది.

రాజుల ఫర్మానాలు పోయినవి. రాజ్యాంగము 19వ అధికరణమున వాక్స్వాతంత్ర్యమును ప్రసాదించినది. కాని ప్రజాస్వామ్యమున నోరు మూయుటకు ఉత్తరువే అక్కరలేదు, ధనము చాలును. ఓటును కొనువాడు ఓటరు మాటను కొనుచున్నాడు. పత్రికను పోషించువాడు పత్రిక మౌనమును కోరవచ్చును. ఉత్తరువు కంటికి కనబడును గనుక దానిని ఎదిరింపవచ్చును. ధనము కనబడకయే పనిచేయును. కనుక ఉపాధ్యాయులు ప్రతాపరెడ్డిగారి జీవితమును బోధించునప్పుడు విద్యార్థులకు ఈ ప్రశ్నను కూడ నేర్పవలెను: నేను చదువుచున్న ఈ మాట ఎవరిది? దానికి ఖర్చు పెట్టినది ఎవరు?