26 ఏళ్లకే చనిపోయిన శాస్త్రవేత్త లిండెమన్

ఆహారపు గొలుసు పాఠంలో 10 శాతం నియమం చదివేటప్పుడు లిండెమన్ అనే పేరు వింటాం. నేనైతే గడ్డం పెరిగిన ముసలాయన అనుకున్నాను. కాదు. ఆయన 26 ఏళ్లకే చనిపోయాడు.

రేమండ్ లిండెమన్ 1915 జులై 24న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టాడు. వాళ్లది వ్యవసాయ కుటుంబం. విశ్వవిద్యాలయంలో పరిశోధన కోసం సెడార్ బాగ్ అనే చిన్న సరస్సును ఎంచుకున్నాడు. లోతు ఇంచుమించు ఒక మీటరే. చలికాలంలో నీళ్లు గడ్డకట్టిపోతాయి. అయినా 5 ఏళ్లు దాన్నే పట్టుకున్నాడు. భార్య ఎలినార్ కూడా పనిలో తోడుండేది. నాచు ఎంత, నీటిపురుగులు ఎంత, చేపలు ఎంత అని చూసి, ఒక మెట్టు నుంచి పై మెట్టుకు ఎంత శక్తి పోతుందో లెక్క కట్టాడు. ఆ సరస్సులో మొక్కల నుంచి శాకాహారులకు 13.3 శాతం, వాటి నుంచి మాంసాహారులకు 22.3 శాతం వచ్చింది. అంటే 10 అనేది సుమారు లెక్క మాత్రమే, అన్నిచోట్లా అంతే ఉండదు.

నాకు ఒక సందేహం ఉండేది. రెండూ తినే ఉభయాహారిని ఏ మెట్టు మీద పెట్టాలి? కోడి జొన్నగింజ తింటే ప్రాథమిక వినియోగదారు. మిడతను తింటే ద్వితీయ. మిడతను తిన్న సాలీడును తింటే తృతీయ. ఒకే కోడి, ఒకే పూట! ఎలుగుబంటి కూడా అంతే, ఇప్పపువ్వు తింటది, చెదలూ తింటది. పరీక్షలో ఒక్క గడిలో రాయమంటే ఎక్కడ రాస్తాం?

లిండెమన్ ఈ చిక్కును దాచలేదు. పై మెట్లకు పోయేకొద్దీ జంతువులు కింది ఒక్క మెట్టు మీదే ఆధారపడవని ఆయనే రాశాడు. ఇప్పటి శాస్త్రవేత్తలు తిండిలో ఏది ఎంతో చూసి స్థాయి చెప్తారు. మొక్కలది 1వ స్థాయి అనుకుంటే, సగం గింజలు సగం మిడతలు తిన్న కోడిది రెండున్నర. సగం మెట్టు కూడా ఉంటుందన్నమాట!

1941లో డాక్టరేటు వచ్చాక ఆయన యేల్ విశ్వవిద్యాలయంలో హచిన్సన్ అనే ప్రొఫెసరు దగ్గరికి వెళ్లాడు. తన వ్యాసాన్ని ఇకాలజీ పత్రికకు పంపితే, చదివిన ఇద్దరు పెద్దలు ఇందులో ఊహలే ఎక్కువని వద్దన్నారు. హచిన్సన్ ఊరుకోలేదు, సంపాదకుడికి ఉత్తరం రాశాడు. చివరికి ఆయన ఒప్పుకున్నాడు.

కానీ అప్పటికే లిండెమన్‌కు కాలేయం జబ్బు ముదిరింది. 1942 జూన్ 29న చనిపోయాడు. వ్యాసం అక్టోబరులో అచ్చయింది. దాని చివర హచిన్సన్ తన శిష్యుడి గురించి కొన్ని మాటలు రాశాడు. లిండెమన్ అవేవీ చూడలేదు.