పచ్చదోమకు పేరు పెట్టిన డిస్టంట్

కమలనగర్‌లో మన పిల్లలకు ఒక్కో పురుగుకు మూడు పేర్లు వినిపిస్తాయి. బెండ ఆకు తిప్పగానే అడ్డంగా నడిచి చివాలున ఎగిరే చిన్న ఆకుపచ్చ పురుగును తెలుగు ఇళ్లలో పచ్చదోమ అంటాం. కన్నడంలో అది జిగిహుళు, మరాఠీలో తుడతుడే. ఏడో తరగతిలో దీని గురించి చెబుతుంటే, ఇందులో ఏది రాస్తే మార్కులు వేస్తారని ఒక అమ్మాయి మమ్మల్ని అడిగింది. ఆ ప్రశ్న వెంట వెళ్తే మాకు దొరికిన మనిషి విలియం లూకాస్ డిస్టంట్.

ఆయన 1845లో లండన్‌లోని రాదర్‌హైత్‌లో పుట్టారు. తండ్రి తిమింగలాల వేట ఓడకు కెప్టెన్. వయసులో ఉండగా చేసిన మలయా ప్రయాణం ఆయన్ని ప్రకృతి వైపు తిప్పింది. బతుకుతెరువు మాత్రం తోళ్లు పదును చేసే కార్ఖానాలో! ఆ ఉద్యోగంలో ఉంటూనే మలయా సీతాకోకచిలుకల మీద పెద్ద గ్రంథం రాశారు. 1899 నుంచి 1920 వరకు లండన్‌లోని ప్రకృతి మ్యూజియంలో పనిచేశారు.

మనకు కావలసింది ఆయన రాసిన భారతదేశపు పురుగుల సంపుటాలు. నల్లులు, దోమపోటు పురుగుల జాతుల మీద 1902 నుంచి 1918 దాకా ఏడు సంపుటాలు వెలువడ్డాయి. మన దేశం నుంచి వెళ్లిన ఎండు పురుగులను బల్ల మీద పెట్టుకుని తల ఆకారం, రెక్కల రంగు, మచ్చలు చూసి ఆయన వర్ణించేవారు. 1908లో వరి మీది పచ్చ దీపపు పురుగుకు విరెసెన్స్ అని పేరు పెట్టారు. పచ్చబడుతున్నది అని దాని అర్థం. ఇదే పురుగు వరికి టుంగ్రో వైరస్ మోస్తుందని ఆయన పోయిన చాలా కాలానికి గాని తెలియలేదు. 1918లో పత్తి, బెండ మీది పచ్చదోమకు డివాస్టన్స్, అంటే నాశనం చేసేది, అని పెట్టారు. అంచులు పసుపెక్కి, ముడుచుకుని, ఎర్రబారిన పత్తి ఆకు చూసిన రైతుకు ఆ పేరు ఎక్కువ అనిపించదు.

అయితే ఆ పేరు నిలవలేదు. జపాన్ శాస్త్రవేత్త ఇషిదా 1913లోనే ఆ పురుగును వర్ణించి బైగట్టులా, అంటే రెండు చుక్కలది, అన్నారు. ముందు పెట్టిన పేరుదే హక్కు. విరెసెన్స్ కథ తిరగబడింది: 1964లో వేరొకరు దానికి కొత్త పేరు పెడితే, 1971లో గౌరీ పాత నమూనాలు పరిశీలించి డిస్టంట్ పేరునే నిలబెట్టారు.

ఆయన పనిలో లోపం లేకపోలేదు. రంగును నమ్ముకుంటే ఈ పురుగుల్లో మోసపోతాం. ఒకే జాతిలో మచ్చలు మారతాయి, వేర్వేరు జాతులు ఒకేలా ఉంటాయి. ఇప్పుడు మగ పురుగు పొట్ట చివరి భాగాన్ని క్షారంలో నానబెట్టి, లోపలి జననాంగాల ఆకారాన్ని సూక్ష్మదర్శినిలో చూసి జాతి తేలుస్తారు. అలా తేల్చేటప్పుడూ ఆయన చూసిన ఆ పాత పురుగునే మళ్లీ బయటికి తీయాలి. సుమారు 50 వేల నమూనాలున్న ఆయన సొంత సేకరణ 1920లో మ్యూజియంకు చేరింది. 1922లో ఆయన కన్నుమూశారు.

ఆ అమ్మాయికి మేము తెలుగు బడి పరీక్షలో పచ్చదోమ అనే రాయమన్నాం. పక్కన బైగట్టులా అని కూడా రాసి, రెక్కల చివర రెండు చుక్కలు పెట్టి బొమ్మ గీసింది.