శిష్యుడుగా వెళ్లి గురువైన ద్వారం

వాయులీన విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించారు. పెరిగినది విశాఖపట్నంలో. బాల్యంలోనే చూపు మందగించినందున బడి చదువు మధ్యలో ఆగిపోయింది. అట్టి స్థితిలో అన్నగారు వెంకటకృష్ణయ్య గారు తమ్మునికి ఫిడేలు నేర్పి తొలి గురువైనారు.

1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల వెలసింది. పాతికేళ్లు దాటిన నాయుడు గారు అచ్చట విద్యార్థిగా చేరగోరి వెళ్లారు. అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు గారు ఆయన వాద్యాన్ని ఆలకించి, ఆ ప్రతిభకు తగిన స్థానం గురుపీఠమేనని గుర్తించారు. విద్యార్థిగా చేరవచ్చిన యువకుడు ఫిడేలు ఆచార్యుడైనాడు! 1936లో నారాయణదాసు గారి అనంతరం ఆ కళాశాలకు ఆయనే అధ్యక్షులై, ఎందరో శిష్యులను తీర్చిదిద్దారు. పక్కవాద్యంగా పేరొందిన ఫిడేలుకు తెలుగునాట ప్రత్యేక కచేరీ గౌరవాన్ని సమకూర్చారు.

1941లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదును, 1957లో పద్మశ్రీ పురస్కారాన్ని అందుకొని, 1964 నవంబరు 25న పరమపదించారు.

చూపు మందగించిన బాలునిలోని నాదాన్ని ఇంట ఒక అన్న, కళాశాలలో ఒక పెద్ద గుర్తించారు. ప్రతి తరగతి గదిలోనూ అట్టి గుర్తింపుకై వేచియున్న చిన్నారి ఒకరుంటారు. ఆ చిన్నారిని కనుగొనుటే గురుధర్మం.