నిజం దాచినా ఆగని రేచల్

రేడియేషన్ తర్వాత నా ఛాతీ మీద పుండు ఎంతకీ మానలేదు. చివరికి వీపు కండ తెచ్చి అతికి, రొమ్ముకి మళ్లీ ఆకారం ఇచ్చారు. ఆ మంచం మీద ఉండగానే రేచల్ కార్సన్ గుర్తొచ్చారు.

1907లో అమెరికాలో పుట్టిన ఈ రచయిత్రికి పెళ్లి కాలేదు. మేనకోడలు పోతే ఆమె కొడుకుని తనే పెంచారు. 1960లో ఆవిడ రొమ్ము తీసేశారు. క్యాన్సరని మాత్రం డాక్టరు చెప్పలేదు! నెలలు గడిచాక తెలిసింది. రేడియేషన్ నీరసంలోనే, పురుగుమందుల ముప్పు చెప్పే ‘సైలెంట్ స్ప్రింగ్’ పూర్తిచేసి 1962లో వెలువరించారు. పురుగుమందుల కంపెనీలు విరుచుకుపడ్డాయి. జబ్బు సంగతి వాళ్లకి ఆయుధం కాకూడదని బయటపెట్టలేదు. 1963లో సెనేట్ కమిటీ ముందు మాట్లాడారు. 1964లో, 56 ఏళ్లకే కన్నుమూశారు. డీడీటీని అమెరికా నిషేధించింది 1972లో.

ఆవిడకి నిజం దాచారు. నేను మాత్రం ప్రతీదీ అడిగి తెలుసుకున్నాను. మీరూ మొహమాటపడకండి, అడగండి.