శరీరపు జమాఖర్చు వ్రాసిన సుబ్బారావు

తిన్న అన్నము ఒంటికి పట్టక, క్రమముగా ఆకలియే చచ్చి, మనుష్యుడు ఎముకల గూడై కన్నుమూయు వ్యాధి యొకటి ఉష్ణదేశములలో కలదు. దానిని స్ప్రూ అందురు. యల్లాప్రగడవారి ఇంట స్వల్పకాలములోనే ఇద్దరు సోదరులను ఆ వ్యాధి పొట్టబెట్టుకొనెను. వారి తోడబుట్టిన సుబ్బారావు వైద్యవిద్య నభ్యసించినవాడే. అయినను ఆనాటి వైద్యులకు ఆ జబ్బును మాన్పు మందు తెలియదు. ఆయన జీవితమున తరువాత జరిగిన దంతయు ఈ నిస్సహాయతనుండి బయలుదేరినదే యనవచ్చును.

1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన సుబ్బారావు చదువులో మొదటినుండి మేటి యని చెప్పుటకు వీలులేదు. పదమూడేండ్ల ప్రాయమున కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచెను. తల్లి వెంకమ్మ వెనుకకు రప్పించెను. మెట్రిక్యులేషను రెండుమార్లు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి గట్టెక్కెను. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందులకు శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. దక్కక, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకొనెను. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించి, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధియు, మామగారును చేసిన సాయముతో ఓడ యెక్కి, 1923 అక్టోబరులో బోస్టను చేరెను.

హార్వర్డులో ఉష్ణదేశవ్యాధుల డిప్లొమా ముగించి ఆయన జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కేవద్ద చేరెను. పొట్టగడచుటకు ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచు కొలువు సైతము చేసెను. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత యున్నదో రంగునుబట్టి కొలుచు పద్ధతిని ఆ ఇరువురును 1925లో ప్రకటించిరి. మన కళాశాలల విద్యార్థులు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యని వల్లించుచునే, ఆ రెండవవాడు గోదావరి జిల్లావాడని ఎరుగకుండుట కద్దు.

కొలత చేతికి వచ్చిన పిదప వింత కానవచ్చెను. కండరపు రసములో నీలిరంగు ఒక్కమారుగా తేలక, నిమిషములు గడచినకొలది ముదురుచుండెను. మరియొకరైనచో పొరపాటని పారబోసియుందురు. అతి సులభముగా విచ్ఛిన్నమగు భాస్వరపదార్థ మేదో కండరములో దాగియున్నదని వారు గ్రహించిరి. అదియే ఫాస్ఫోక్రియాటిన్. కండరము పనిచేయునపుడు అది తరుగును. విశ్రమించునపుడు మరల నిండును. కండరములోని చక్కెర లాక్టికామ్లముగా మారుటవలననే బలము పుట్టునన్న సిద్ధాంతమునకు సంబంధించిన పరిశోధనలకు నోబెల్ బహుమానము వచ్చి యప్పటికి ఐదేండ్లే. 1927నాటి ఈ ఫలితము ఆ సిద్ధాంతపు పునాదిని కదలించెను. 1929లో వారే కండరమునుండి ఏ.టి.పి.ని వేరుచేసిరి; జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఆ యేడే దానిని కనుగొనెను.

ఏ.టి.పి. శరీరములోని చెలామణి నాణెము. అన్నమైనను నెయ్యియైనను ఆ నాణెముగా మారినగాని కణము వాడుకొనజాలదు. మనుష్యుడు దినమునకు సుమారు తన బరువంత ఏ.టి.పి.ని విరిచి మరల కూర్చుకొనుచుండును. ఖర్చుకు మించి వచ్చిన జమ కొవ్వుగా నిలువయగును. స్థూలకాయము ఆ నిలువయే. కణములో ఈ నాణెము కరవైనపుడు మేల్కొను ఎంజైము మెదడులోని హైపోథలమస్‌లోను ఉండి ఆకలిని రేపుచున్నదని ఇటీవలి దశాబ్దములలో పరిశోధకులు చూపిరి. ఆకలిని గూర్చియు ఊబకాయమును గూర్చియు నేడు జరుగు విచారణలో ఈ లెక్క లేక అడుగు ముందుకు పడదు.

ఇంత చేసినను హార్వర్డు ఆయనకు శాశ్వతోద్యోగ మీయలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థములు ఫిస్కే కారణముగా వెలుగు చూడక, తరువాతివారు మరల కనుగొనవలసివచ్చెనని సహచరుడు జార్జి హిచింగ్స్ అనంతరకాలమున తెలిపెను. అతడే 1988లో నోబెల్ బహుమాన మందినవాడు. సుబ్బారావు మాత్రము గురువునుగూర్చి తగవుకు దిగినవాడు కాడు. అది వినయమా, ఉదాసీనతయా? పేరును కాపాడుకొను విద్య ఆయనకు పట్టుబడలేదనుట సత్యమునకు దగ్గర.

1940లో న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ పరిశోధనాలయమునకు వెడలెను. బోదకాలునకు హెట్రజాన్, రక్తపు క్యాన్సరునకు ఎమినాప్టెరిన్ మున్నగు మందులు ఆయన నడిపిన బృందములనుండియే వెలువడినవి. నెల్లూరు మొదలు శ్రీకాకుళమువరకు మన కోస్తావాసులకు బోదకాలు నివారణకై పంచిన మాత్రలు ఆ హెట్రజానే. అన్నిటికంటె ముఖ్యమైనది వేరు: 1945నాటికి ఆయన బృందము ఫోలికామ్లమును ప్రయోగశాలలో తయారుచేయగలిగెను. దానిని స్ప్రూ రోగుల కిచ్చి చూడగా నెత్తురు పట్టెను. ఆకలి తిరిగి పుట్టెను. సోదరులు పోయి అప్పటికి ఇరువదియేండ్లు దాటినవి.

1948 ఆగస్టులో, యాబదిమూడేండ్ల వయస్సున, నిద్రలోనే గుండె ఆగి ఆయన మరణించెను. పాతికేండ్ల క్రితము వీడ్కోలు చెప్పివచ్చిన భార్య శేషగిరిని మరల చూడనే లేదు.