ఒంటె మీద ఒమన్ చుట్టిన మంత్రి

మస్కట్‌లో పనిచేసే మనవాళ్లలో చాలామందికి ఒమన్ అంటే క్యాంపు, సైటు, శుక్రవారం రూవి బజారు. అంతే. మనలాగే ఉద్యోగం కోసం ఈ గడ్డకు వచ్చి, చలికాలం సెలవుల్లో ఊళ్లూ ఎడారీ తిరిగిన బెర్ట్రమ్ థామస్ గురించి అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గర పిల్ అనే చిన్న ఊళ్లో 1892లో ఆయన పుట్టారు. పదహారేళ్లకే తపాలా శాఖలో ఉద్యోగంలో చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంతో ఇరాక్ వచ్చారు. యుద్ధం అయ్యాక అక్కడా, జోర్డాన్‌లోనూ బ్రిటిష్ అధికారిగా చేశారు. 1925లో మస్కట్ సుల్తాన్ తైమూర్ బిన్ ఫైసల్ దగ్గర ఆర్థిక మంత్రిగా కుదిరారు. అప్పుల్లో ఉన్న ఖజానా లెక్కలు చక్కబెట్టడం ఆయన పని.

ఇక్కడి ఎండలు ఎలా ఉంటాయో మనకు చెప్పక్కర్లేదు. చలికాలం రాగానే ఆయన ఒంటె ఎక్కేవారు. 1927-28లో దక్షిణాన దోఫార్ దాకా సుమారు వెయ్యి కిలోమీటర్లు వెళ్లారు. 1929-30లో దోఫార్ నుంచి ఇసుక ఎడారి అంచున ఉన్న ముగ్షిన్ దాకా చూసొచ్చారు. బెదూలతో ఉన్నప్పుడు గడ్డం పెంచి, వాళ్ల బట్టలే కట్టి, వాళ్ల తిండే తినేవారు. సిగరెట్, మందు ముట్టలేదు. అరబ్బీ సరే, మెహ్రీలాంటి చిన్న భాషల మాటలు కూడా అడిగి రాసుకున్నారు.

రుబ్ అల్ ఖాలీ ఎడారిని అప్పటిదాకా యూరప్‌వాళ్లెవరూ దాటలేదు. అడిగితే పైవాళ్లు ఒప్పుకోరని, చెప్పకుండానే 1930 డిసెంబర్ 10న ఆయన సలాలా నుంచి బయల్దేరారు. మనం అలా వెళితే తిరిగొచ్చేసరికి ఉద్యోగం ఉండదు! 1931 ఫిబ్రవరి 5న దోహా చేరారు. దారి చూపింది రషీద్ తెగకు చెందిన షేక్ సాలిహ్ బిన్ కలూత్. ఉప్పునీటి బావులు ఎక్కడున్నాయో, ఏ తెగతో పగ ఉందో తెలిసినవాడు ఆయనే. మెడల్ మాత్రం లండన్‌లో థామస్‌కు ఇచ్చారు. మన సైట్లలోనూ కట్టినవాళ్లు ఒకరు, బోర్డు మీద పేరు ఇంకొకరిది కదా!

1932లో ఆ ప్రయాణం మీద 'అరేబియా ఫెలిక్స్' పుస్తకం వచ్చింది. 1944లో జెరూసలేంలో మొదలైన అరబ్బీ శిక్షణ కేంద్రానికి థామస్ తొలి డైరెక్టర్. 1950లో పుట్టిన ఊళ్లోనే కన్నుమూశారు.

ఆ ఎడారిలో ఒమన్ నుంచి సౌదీకి నేరుగా తారు రోడ్డు 2021 డిసెంబర్‌లో తెరిచారు. ఇసుకలో రోడ్డు నిలబెట్టడం ఎంత కష్టమో మాలాంటివాళ్లకు తెలుసు. అయితే మనం అంతదూరం పోనక్కర్లేదు. నిజ్వా మేకల సంత జరిగేది శుక్రవారం పొద్దున్నే, అంటే మన సెలవు రోజే. నలుగురైదుగురు కలిసి కారు మాట్లాడుకుంటే రెండు గంటల దారి. బతాకా జేబులో పెట్టుకోండి. సలాం చెప్పి, కాపుకాసే ముసలాయన్ని మేక ధర అరబ్బీలోనే అడగండి. మనం ఇన్నేళ్లు ఉన్న దేశం ఆ మాటతోనే కాస్త మనదవుతుంది.