యల్లాప్రగడ సుబ్బారావు గారు - మందుకు లొంగని కణం

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు (తప్పిన మిత్రులు ధైర్యం తెచ్చుకోవచ్చు!). అన్న, తమ్ముడు ఇద్దరూ కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధితో పోయారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. హార్వర్డులో ఎంత పరిశోధించినా స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు అది మందయింది. కణం రెండు కావాలన్నా ఈ విటమినే కావాలి. రక్త క్యాన్సరు కణానికీ అంతే. అందుకని అచ్చం దాని పోలికతోనే ఉండి పని చెడగొట్టే దొంగ విటమిన్, అమినోప్టెరిన్‌ను కూడా వాళ్ళే చేశారు. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సరు పిల్లలకు వాడి 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించారు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. కాని అది కొన్నాళ్ళే. రోగం మళ్ళీ తిరగబెట్టింది, ఈసారి మందుకు లొంగలేదు.

ఎందుకని? 1997-98లో మా దిక్కు పత్తి పురుగు ఎన్ని మందులు కొట్టినా చావలేదట. అప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాలోనివే. పురుగు మందుకు మరిగిందని మా నాయిన అంటడు. నేనూ అట్లనే అనుకునేవాణ్ణి. నిజానికి ఏ పురుగూ మరగదు. వేలల్లో ఏ కొన్నో మొదటినుంచే గట్టివి ఉంటాయి. మందు మిగతావాటిని చంపి, వీటికి చేను ఖాళీచేసి ఇస్తుంది. ఇక పిల్లలన్నీ వీటివే. క్యాన్సరు గడ్డలోనూ కణాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. అమినోప్టెరిన్ చెల్లెలు మెథోట్రెక్సేట్ ఒక ఎంజైమును పట్టి ఆపుతుంది. ఆ ఎంజైము జన్యువును కొన్ని కణాలు పదులు, వందల ప్రతులుగా పెంచుకున్నాయని 1978లో రాబర్ట్ షింకే బృందం చూపింది. కొన్ని కణాలైతే మందును లోపలికే రానియ్యవు.

ఇదంతా చూడకుండానే 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు గారు కన్నుమూశారు. మెథోట్రెక్సేట్‌ను నేటికీ పిల్లల రక్త క్యాన్సరుకు మరికొన్ని మందులతో కలిపి ఇస్తున్నారు. ఒకదాన్ని తప్పించుకున్న కణం ఇంకోదానికి దొరుకుతుందని.

ఈ సంగతి చెప్తే మా నాయిన చానాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ఆ మొదటి పిల్లలకు రెండో మందు అప్పటికి లేకుండెనా అని అడిగిండు.